వాసన లేని పొగ

మా చర్చిల నాకు పాడొద్దని హుకుం ఉండె. రాసిచ్చిన హుకుం కాదు. పాస్టరయ్య ఒకసారి నన్ను పక్కకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, "దేవుడు మనసు చూస్తడు నాయనా. నువ్వు మనసులనే పాడుకో, ఆయనకు ఇనొస్తది" అన్నడు. అప్పటి సంది ఆదివారం నేను పెదవులు మాత్రం ఆడిస్తుంటి. నా పక్కన కూసునేటోళ్ళ మొకాల మీద భక్తి పెరిగింది. బడిల గూడ ఇట్లనే అయింది. నాలుగో తరగతి అయినంక కన్నడ మేష్ట్రు మా అయ్యను పిలిచి, "వీడు వస్తే బడి నడవదు, రాకపోతే నడుస్తది" అన్నడట. దేవునికీ సర్కారుకూ ఇద్దరికీ నా నోటితోనే తకలీఫ్ అంటే, తప్పు నోటిదే అయి ఉంటది.

గొంతంటే మా బావది. మా అక్క పెనిమిటి. ఇప్పుడు లేడు.

మా కాడ ఒక పద్ధతి ఉండె, అది చెప్తే గాని ఆయన గొంతు విలువ తెలువదు. బీదర్‌ల మేం ఇండ్లల్ల మాట్లాడేది తెలుగు. పాడుకునేది తెలుగు. ప్రార్థన చేసేది తెలుగు. గాని ఊర్ల తెలుగు బడి లేదు. మా పెద్దల కాలంల చదువంటే ఉర్దూ, మా కాలంల కన్నడ. తెలుగు పాటల పుస్తకం చర్చిల ఉండె గాని, దాన్ని చదవొచ్చిన మనుషులు నలుగురైదుగురే. అందుకని ఒకరు ముందట నిలబడి చరణం మాటలు గబగబ చెప్తరు. రాగం ఉండదు, ఉత్త మాటలు. ఎనుక సంఘమంత ఆ మాటలు పట్టుకొని రాగంల పాడుతది. అయిపోంగనే ఆయన ఇంకో చరణం అందిస్తడు. పాట అందిచ్చుడు అంటుంటిమి. అందిచ్చేటోని గొంతు ఆగిందంటే రెండు వందల మంది గొంతులు ఆగినట్టే. మా బావ ఇరవై ఏండ్లు అందిచ్చిండు. పుస్తకం చేతిల పట్టుకుంటుండె గాని దాని దిక్కు చూస్తుండలే.

వారంల మిగిలిన ఆరు దినాలు ఆయన దర్జీ. పాత ఊర్ల మా దుకాణం. దుకాణం ఆయనది, కుట్టుడు ఆయనది. నాది ఇస్త్రీ. బొగ్గులు నింపిన ఇత్తడి ఇస్త్రీ పెట్టె పట్టుకొని వకీళ్ళ కోట్లు, సర్కారు జవాన్ల చొక్కాలు రుద్దుతుంటి. "ఆయన కుట్టిన బట్టను కాల్చకుంట తిరిగిస్తే అదే నా హునర్, నా పనితనం" అని గిరాకీలతోని చెప్తుంటి.

ఆయన మిషను తొక్కుకుంట బీడీ తాగుతుండె. కత్తెర ఆడిచ్చుకుంట బీడీ తాగుతుండె. కొలత తీసేటప్పుడు మాత్రం గిరాకీ కంట్ల పొగ పోతదని చెవి మీద పెట్టుకుంటుండె. ఆదివారం చర్చి గోడ ఎనుక నిలబడి ఒకటి కాల్చి, రెండు లవంగాలు నోట్లేసుకొని లోపలికొస్తుండె. సంఘపోళ్ళందరికీ తెలుసు. బీడీ తాగే మనిషి ముందట నిలబడొద్దని వాళ్ళ కట్టుబాటే. గాని ఆయనను నిలబడొద్దంటే పాట ఎవరందిస్తరు? అందుకని అందరు లవంగాల వాసననే నమ్మిండ్రు.

మైసూరు రాష్ట్రం పేరు పోయి కర్ణాటక అయిన మరుసటేడు, ఎండకాలంల, ఆయన గొంతు బొంగురు పోయింది. నాకు పండుగ అయింది.

"బావా, రాష్ట్రానికి పేరు మారింది సరే, నీ గొంతుకు గూడ మార్చిండ్రా ఏంది?"

దుకాణంల కూసున్నోళ్ళు నవ్విండ్రు. ఆయన గూడ నవ్విండు. ఆ నవ్వు గూడ బొంగురే.

ఇంకో రోజు, "మన బీదర్ కోట తలుపు తెరిచినట్టుంది బావా, ఒకసారి దగ్గు, టూరిస్టులు వస్తరు" అన్న. ఇట్ల రోజుకొకటి. మాది బావా బామ్మర్దుల వరస. పెండ్లయిన దినం సంది ఆయన నన్ను అంటుండె, నేను ఆయనను అంటుంటి. అది మాకు అన్నం లెక్క.

మా అక్క ఒక్కతే నవ్వలే. "తమ్మీ, నెలాయె. ఆయనను జర డాక్టరుకు చూపియ్యి" అన్నది.

"గొంతు బాగైతే మళ్ళ నా మీద ఒర్లుతడక్కా. కొన్ని దినాలు ఇట్లనే ఉండనీ. దుకాణంల ఆరాం ఉంది."

వానలొచ్చినయి. వానలు పోయినయి. అక్క ఇంకో రెండుసార్లు అన్నది. రెండుసార్లు నేను ఏదో ఒక మాట అని నవ్విచ్చిన. ఆమె గూడ చివరికి నవ్వింది, చేతిల చీపురు పట్టుకొని, ఇష్టం లేకుంట. ఆ నవ్వులన్ని కలిపి ఐదు నెలలు అయినయి. నేను ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన డాక్టరు కాడికి పోకుంట ఆపింది బీదతనం కాదు, భయం గూడ కాదు. నేను.

దసరా ఎనుకటి ఆదివారం ఆయన ముందట నిలబడ్డడు. మొదటి చరణం అందిచ్చిండు, సంఘం పాడింది. రెండోది సగం దాక వచ్చింది. అక్కడ ఆగింది. నోరు తెరిచే ఉంది, గాలి వస్తుంది, మాట వస్తలేదు. ఆయన గొంతు సవరిచ్చుకొని మళ్ళ మొదలు పెట్టిండు. మళ్ళ గాలే. రెండు వందల మంది నోర్లు తెరుసుకొని మాట కోసం ఎదురుచూస్తున్నరు. ఎవరో చిన్న పిల్ల దగ్గింది. ఆయన పుస్తకం మూసి, బల్ల మీద పెట్టి, వచ్చి కూసున్నడు. పాట సగంలనే నిలబడ్డది.

మరునాడు నేనే ఆయనను డాక్టరు కాడికి తీస్కపోయిన.

మా ఊరి డాక్టరు నోట్లకు చిన్న అద్దం పెట్టి చూసి, అద్దం తుడుసుకుంట, "హైదరాబాదు పోండ్రి. ఇయ్యాల్నే అంటే ఇయ్యాల్నే" అన్నడు. బస్సుల బావ కిటికీ పక్కన కూసున్నడు. మన్నాఏఖేళ్ళి కాడ బస్సు ఆగితే దిగి ఒక బీడీ ముట్టిచ్చిండు. అప్పటికి ఎవరూ ఇడువుమనలే గదా అని మనసుల అనుకున్న. ఆయన సగమే తాగి పారేసి, చెప్పుతోని రుద్ది, ఎక్కి కూసున్నడు.

హైదరాబాదు పెద్ద దవాఖానల ముక్క కోసి చూసిండ్రు. గొంతుల ఉండే మాట పెట్టె మీద కాన్సర్ అన్నరు. డాక్టరు వయసున్న మనిషి, తొందర లేని మనిషి. మమ్మల్ని ఇద్దరిని కూసోబెట్టి చెప్పిండు.

"మరీ ఆలస్యం కాలేదు. ఏడు వారాలు కరెంటు పెడతాం. కొయ్యకుండానే పోవచ్చు. గొంతు మిగలొచ్చు. కానీ ఈ రోజు నుంచి బీడీ ముట్టకూడదు."

మేమందరం ఆ మిషను వైద్యాన్ని కరెంటు పెట్టుడు అనే అంటుంటిమి. డాక్టరు గూడ మా మాటనే మాట్లాడిండు.

"కాన్సర్ వచ్చింది గద సార్, ఇంకా బీడీ ఇడిసి ఏం ఫాయిదా?" అని నేనే అడిగిన. ఈసారి జోకు కాదు, నిజంగనే తెల్వక అడిగిన.

"పొగలో ఒక వాయువు ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. మనం పీల్చే గాలి రక్తంలో ఎక్కడ కూర్చోవాలో అక్కడ అది ముందే వచ్చి కూర్చుంటుంది. మా కరెంటు బాగా పని చేయాలంటే రక్తంలో గాలి ఉండాలి. ఇతను బీడీ తాగి వస్తే మేం పెట్టేది సగం వృథా."

"అంటే బస్సు ఆగకముందే కిటికీల నుంచి తువ్వాల ఇసిరి సీటు పట్టుకునేటోని లెక్క."

డాక్టరు కొంచెం నవ్విండు. "అంతే. గాలి టికెట్టు కొనుక్కొని వచ్చినా నిలబడే పోవాలి." ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్ అన్నడు. నేను రెండుసార్లు చెప్పిచ్చుకున్న. అంత పనికిమాలినదానికి అంత పెద్ద పేరా అనిపిచ్చింది.

బయటికొచ్చినంక బావ జేబుల నుంచి బీడీల కట్ట, అగ్గిపెట్టె తీసి నా చేతిల పెట్టిండు. "ఇగ అయిపోయింది" అన్నడు ఆ గాలి గొంతుతోని.

"నేను గూడ ఇడుస్త బావా. నీకు తోడు."

"నువ్వా?" అని నా మొకం చూసిండు.

నిజం చెప్తున్న, నేను ఇడువలే. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి, మూల మీద చాయ్ హోటల్ల తాగి, ఇలాయచి నమిలి వస్తుంటి. మొదటి కట్ట గూడ ఆయనదే. పారేసుడెందుకు అనుకున్న.

దవాఖానకు నడిచిపోయేంత దూరంల ఒక ముసలవ్వ ఇంటి ఎనుక ఒక అర్ర కిరాయికి దొరికింది. ఒక తలుపు, ఒక కిటికీ. మా అక్క మొదటి వారం వచ్చి సర్ది పోయింది. పోయేటప్పుడు నాకు ఒక్కటే మాట పదిసార్లు చెప్పింది. "కరెంటు పెట్టిన గొంతు పచ్చిపుండు లెక్క తమ్మీ. గాలి తగలనీయకు. చలికాలం. గాలి తగిలిందంటే ఇగ మానది."

మా ఇండ్లల్ల ఏ జబ్బొచ్చినా ముందుగాల మూసేది కిటికీ. బాలింత ఉన్నా, అమ్మవారు పోసినా, జరమొచ్చినా, తలుపు సందుల పాత బట్టలు కుక్కుతరు. నేను ఇంకా పక్కాగ చేసిన. మైదా పిండి ఉడికిచ్చి, కిటికీ సందులన్నిటికి పేపర్లు అంటిచ్చిన. తలుపు కింద గోనె సంచి మడత పెట్టిన. అవ్వ వచ్చి చూసి, "నీ అసొంటి తమ్ముడు ఉండాలె బిడ్డా" అని మెచ్చుకున్నది.

ఉట్టిగ కూసుంటే దినాలు ఎట్ల పోతయి, తిండి ఎట్ల ఎల్లుతది? బీదర్ నుంచి వచ్చేటప్పుడే నా ఇస్త్రీ పెట్టెను ఒళ్ళె పెట్టుకొని తెచ్చుకున్న. ఆ గల్లీల ఇండ్లు తిరిగి బట్టలు అడుక్కొచ్చిన. వాకిట్ల చేస్తే గాలికి బూడిద లేచి తెల్ల బట్టల మీద పడుతుండె. ఆయనను ఒక్కన్ని ఇడిసి బయట కూసునుడు గూడ నాకు నచ్చలే. అందుకని అర్రలనే, తలుపేసుకొని, ఒక మూల ఆయన మంచం, ఒక మూల నా ఇస్త్రీ బల్ల. బొగ్గు ఎర్రగ కాలుతుంటే అర్ర ఎచ్చగ ఉండె. చలికి మంచి బందోబస్తు అయిందని ఇద్దరం సంబురపడ్డం.

పొద్దున పోయి కరెంటు పెట్టిచ్చుకొని వచ్చి, గంజి తాగి, ఆయన పండుకుంటుండె. నేను పొద్దుగూకే దాక ఇస్త్రీ చేస్తుంటి.

బీడీ ఇడిసిన మొదటి వారం ఆయన వేళ్ళు ఊరుకోలే. కుడిచెయ్యి రెండు వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటనే ఉండె, మధ్యల ఏదో ఉన్నట్టు. సోంపు నమిలిండు. ముట్టియ్యని అగ్గిపుల్లలు నోట్ల పెట్టుకున్నడు. నిద్రల గూడ పెదవులు పొగ గుంజినట్టు ఆడుతుండె. నేను చూసి నవ్వుతుంటి. "కలల తాగితే డాక్టరు ఏం అనడు బావా, గుంజు."

రెండో వారం తలనొప్పి మొదలైంది. పండుకొని లేస్తే తల పగిలిపోతుంది అంటుండె. ఒక రోజు గంజి అంత కక్కిండు. మధ్యాహ్నం పండుకుంటే లేపినా లేస్తలేడు. కండ్లు తెరిచి, నేను ఎవరో గుర్తు పట్టనట్టు చూసి, మళ్ళ మూస్తుండె. బీడీ ఇడిస్తే అట్లనే ఉంటదని అవ్వ అన్నది. కరెంటు పెడితే అట్లనే ఉంటదని దవాఖాన వరండాల కూసున్న ఇంకో రోగి అన్నడు. రెండూ నాకు సరిపోయినయి. చెంపలు మాత్రం ఎర్రగ, మంచిగ కనిపిస్తుండె.

"కరెంటు మంచిగ ఎక్కుతుంది బావా. బల్బు లెక్క ఎలుగుతున్నవ్."

నా తల గూడ నొస్తుండె. బీడీ తక్కువ చేసిన గదా, అందుకే అనుకున్న. త్యాగం అనుకున్న.

మూడో వారం ఆఖర్ల డాక్టరు గొంతుల అద్దం పెట్టి చూసి, చానా సేపు చూసి, కుర్చీల ఎనుకకు ఒరిగిండు.

"తగ్గాల్సినంత తగ్గలేదు." తర్వాత ముక్కుతోని గాలి పీల్చిండు. "బట్టల్లో పొగ వాసన వస్తోంది. తాగుతున్నాడా?"

ఆ మాట ఆయన బావను అడగలే, నన్ను అడిగిండు. 'లేదు సార్' అంటే అయిపోతుండె. రెండే మాటలు. నర్సమ్మ పక్కన నిలబడి ఉంది, ఇంకో ఇద్దరు రోగులు తలుపు కాడ ఉన్నరు. మనుషులు చూస్తుంటే నా నోరు నా మాట ఇనదు.

"దర్జీ మనిషి సార్. ఏ కుట్టు కింద ఏం దాసిండో నాకెట్ల తెలుస్తది?"

నర్సమ్మ నవ్వింది. డాక్టరు నవ్వలే. "ఈ మిషను కోసం బయట ఎంతమంది ఉన్నారో చూశారా? తాగేవాడికి పెట్టి లాభం లేదు. సోమవారం రండి. అప్పటికీ ఇదే వాసన ఉంటే ఆపేస్తాను."

బావ లేచి నిలబడ్డడు. నా దిక్కు చూసిండు. చెప్పెటందుకు నోరు తెరిచిండు, మాట రాలే. తల అడ్డంగ ఊపిండు డాక్టరుకు, మళ్ళ ఊపిండు. డాక్టరు ఇంకో కాయితం తీసుకున్నడు.

నాకు గూడ అప్పటికి అనుమానం ముదిరింది. కక్కుడు, నిద్ర, బట్టల వాసన. నేను బయట తాగుతున్నప్పుడు ఆయన ఇంట్ల తాగుతుంటడని ఎందుకు అనిపియ్యదు? దొంగకు దొంగలే కనపడుతరు. అర్రకు వచ్చి రాంగనే ఆయన కోటు జేబులు తిప్పిన. దిండు విప్పిన. పరుపు కింద చూసిన. ఏం దొరకలే. దొరకకుంటే ఇంకా కోపమొచ్చింది. కత్తెర తీసుకొని ఆయన కోటు లోపలి బట్ట, అస్తరు, కోసిన. ఆ కోటు ఆయన తన పెండ్లికి తానే కుట్టుకున్నది.

బావ మంచం మీద కూసొని చూస్తనే ఉన్నడు. అస్తరు కింద ఉత్త దూది, దారం ముక్కలు.

"అక్కడ అక్క పిల్లలను పట్టుకొని ఏడుస్తుంది. ఇక్కడ నేను పొద్దంత బట్టలు రుద్దుతున్న. నువ్వేమో దొంగతనంగ..."

ఆయన చెయ్యి లేపి ఆపిండు. గాలి పోగు చేసుకొని, ఒక్కొక్క మాట, "నా జేబులు అయినయి. ఇగ... నీ నోరు తెరువు."

నేను తెరువలే. పొద్దుటి బీడీ మీద నమిలిన ఇలాయచి అప్పటికి గూడ నాలుక మీద ఉండె.

ఆ రోజు శుక్రవారం. శని, ఆదివారాలు ఆయన నాతోని మాట్లాడలే. ఉన్నదే గింత గొంతు, అది గూడ నాకు ఖర్చు పెట్టొద్దనుకున్నడు. నేను గూడ పంతం పట్టిన. శనివారం గల్లీల అందరి ఆదివారం బట్టలొస్తయి, రెండింతల బొగ్గు పోసి, తలుపు మూసి, పొద్దుగూకే దాక రుద్దిన. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆదివారం పొద్దున లేవనే లేకపోయె. కక్కిండు, చెయ్యి పట్టుకుంటే చెయ్యి మెత్తగ జారిపోతుండె. నాకు అప్పుడు భయమైంది.

సోమవారం డాక్టరు ముందట నేను జోకు చెయ్యలే. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. కోటు అస్తరు గూడ చింపిన, బీడీ లేదు. శనాదివారాలు ఇంకా బాధ పడ్డడు అన్న.

డాక్టరు కలం పట్టుకొని ఆగిండు. "శనాదివారాలు కరెంటే లేదు కదా. మరి అప్పుడే ఎక్కువ ఎందుకైంది? ఎక్కడ పడుకుంటాడు?"

నేను కొంచెం గర్వంగనే చెప్పిన. కిటికీకి పేపర్లు, తలుపుకు గోనె సంచి, చీమంత గాలి రాదు సార్.

"నువ్వేం పని చేస్తావు?"

"ఇస్త్రీ సార్. ఆ అర్రలనే. ఆయనను ఒక్కన్ని ఇడువలేక."

"కరెంటు ఇస్త్రీనా?"

"బొగ్గులది సార్."

ఆయన కలం కింద పెట్టిండు. కండ్లద్దాలు తీసిండు. కోపానికి వస్తడనుకున్న, రాలే. అదే అన్యాయమైంది. మెల్లగ, పిల్లగానికి చెప్పినట్టు చెప్పిండు.

"నేను మొదటి రోజు చెప్పాను చూడు, సీటు పట్టుకునే వాయువు. అది బీడీలోనే కాదు, కాలే బొగ్గులో ఇంకా ఎక్కువ. బట్టల్లో వాసన కూడా ఆ బొగ్గుదే. మూసిన గదిలో రోజంతా. ఇతను బీడీ మానేశాడు. నువ్వు బీడీల కంటే ఎక్కువ తాగించావు. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే కాన్సర్ దాకా అక్కర్లేదు, ఒక రోజు ఇద్దరూ లేచేవాళ్ళు కాదు."

బావ ఎదురుగ గోడ మీద క్యాలెండరు చూస్తున్నడు. ఆయన నా దిక్కు చూస్తడేమో అని నేను తల దించుకొని కూసున్న. చూడలే. చూస్తే బాగుండు.

అర్రకు వచ్చి పేపర్లన్ని చింపిన. గోర్లు ఇరిగినయి, మైదా పిండి రాయి లెక్క అయింది. తలుపు బార్ల తీసిన. రెండు దినాలల్ల ఆయన తలనొప్పి పోయింది, గంజి ఇముడుతుండె. ఆ మూల మీది చాయ్ హోటల్ల కట్టల మిగిలిన బీడీలు బల్ల మీద పెట్టి వచ్చిన. మళ్ళ ముట్టలే. అది నా గొప్పతనం కాదు. నోట్ల పెట్టుకుంటే చింపిన అస్తరు కనపడుతుండె.

అక్క నాలుగో వారం మళ్ళ వచ్చింది. ఆమెకు నేనే చెప్పిన, మొత్తం, ఎండకాలం నుంచి. ఆమె ఇస్త్రీ పెట్టె ఎత్తుకొని పోయి వాకిట్ల నీళ్ళ నల్లా కింద పెట్టింది. అది అక్కడనే తుప్పు, చిలుము పట్టింది. తర్వాత కోటు తీసుకొని, దవాఖాన వరండాల కూసొని, అస్తరు కుట్టింది. ఆమె కుట్లు పెద్దవి. బావ అట్లనే తొడుక్కున్నడు.

ఏడు వారాలు పూర్తి చేసుకొని బీదర్ వచ్చినం. ఈస్టర్ నాటికి గొంతు కొంచెం వచ్చింది. సన్నగ, ఎవరిదో గొంతు లెక్క. ఆ రోజు ఒక్క పాట అందిచ్చిండు. సంఘం ఆయన మాట ఇనపడాలని ఊపిరి బిగవట్టి ఉన్నది. చరణం చరణానికి మధ్యల ఫ్యాను చప్పుడు ఇనిపిచ్చింది. అందరు దేవునికి స్తోత్రం అన్నరు. నేను గూడ అన్న. ఆ యేడంత నేను పొద్దున దుకాణం తెరవంగనే ఆయన దగ్గు ఇనుకుంట ఉంటి. మామూలు దగ్గా, ఆ దగ్గా అని.

మరుసటేడు వానలల్ల ఊపిరి తీసుకుంటే ఈల చప్పుడు మొదలైంది. మళ్ళ అదే బస్సు, అదే డాక్టరు, అదే అద్దం. ఈసారి కొయ్యాలె అన్నరు. మాట పెట్టె తీసేసి, మెడ మీద ఊపిరికి రంధ్రం పెట్టిండ్రు.

ఆపరేషన్ అయిన దినం వరండాల డాక్టరును పట్టుకున్న. "నా ఇస్త్రీ తోనేనా సార్?"

ఆయన నిలబడి ఆలోచించిండు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "తెలియదయ్యా. మూడు వారాలు పాడయ్యాయి. అవి పాడవకపోతే గొంతు మిగిలేదా అంటే నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు." రెండడుగులు వేసి, మళ్ళ తిరిగి, "ఐదు నెలలు ముందు వచ్చి ఉంటే మాత్రం..." అని, మిగిలింది చెప్పకుంట పోయిండు.

ఏ ఒక్కదానితోని అయిందని చెప్పినా మోసేటోన్ని. ఎవరూ చెప్పలేరు అనే మాట బరువు ఇప్పటికీ తక్కువ కాలే.

పాటలు మా అక్క అందిచ్చుడు మొదలు పెట్టింది. ఇరవై ఏండ్లు ఇన్నది గదా, అన్నీ నోటికే. ఆడమనిషి ముందట నిలబడుడు మా చర్చిల అదే మొదలు. ఎవరూ కాదనలే. బావ మెడకు తెల్ల గుడ్డ కట్టుకొని కింద కూసొని, ఆమె ఎక్కడన్న మాట తప్పితే ఏలు లేపి చూపిస్తుండె.

దుకాణంకు మళ్ళ వచ్చిండు. మిషను తొక్కుతుండె. చెప్పాల్సింది పలక మీద రాస్తుండె, పాటల పుస్తకం చూసి నేర్సుకున్న తెలుగుల. ఆయనకొచ్చిన రాత అదొక్కటే. గిరాకీలకు కన్నడ వచ్చు, ఉర్దూ వచ్చు, తెలుగు చదవరాదు. అందుకని నేను నేర్సుకోవాల్సి వచ్చింది. నాలుగో తరగతి మనిషిని, నలభై ఏండ్ల దగ్గర పడి, బావ పలక మీద అక్షరాలు కూడబలుక్కున్న. ఈ రాస్తున్నదంత ఆ పలక చదువే.

ఒక రోజు ఎడతెగని వాన. గిరాకీలు లేరు. ఆయన గుండీల కాజాలు కుడుతున్నడు. నేను కొత్త కరెంటు ఇస్త్రీ తుడుసుకుంట కూసున్న. అన్ని ఏండ్లల్ల నేను ఆయనను ఒక్కసారి గూడ మాఫీ అడగలే. వరస అట్లాంటిది; బామ్మర్ది మాఫీ అడిగితే గూడ జోకే అయితది. ఆ రోజు ఎట్లనో నోటికొచ్చింది.

"బావా, నీ గొంతు తిన్నది నేనే. ముందు నా నోటితోని తిన్న, తర్వాత నా ఇస్త్రీతోని తిన్న."

ఆయన సూది ఆపిండు. మెడ రంధ్రంల నుంచి ఊపిరి పోయొచ్చే చప్పుడు, వాన చప్పుడు. పలక తీసుకున్నడు. రాసిండు, కొంత తుడిచిండు, మళ్ళ రాసి నా చేతికిచ్చిండు. చదువుడు నాకు ఎప్పుడూ ఆలస్యమే. ఒక్కొక్క అక్షరం పట్టుకుంట పోయిన.

"ముప్పై ఏండ్లు కష్టపడి బీడీలు తాగింది నేను. మూడు వారాలు ఇస్త్రీ చేసి ఆ పేరు గూడ నువ్వే కొట్టేస్తవా?"